తిరునాళ్ళ పందిరి, తాళం వేసిన గేటు

మీది ఏ జిల్లా అని ఎవరైనా అడిగితే, ఏ సంవత్సరంలో అని నేను ఎదురు అడగాలి. పుట్టినప్పుడు ప్రకాశం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు కందుకూరుతో పాటు మా చుట్టుపక్కల ఊళ్ళన్నిటినీ నెల్లూరులో కలిపారు. 2025 చివర్లో మళ్ళీ ప్రకాశంలోకి తెచ్చారు. జిల్లా రెండుసార్లు మారింది గానీ, మా మినీ స్టేడియం గేటుకున్న తాళం మాత్రం మారలేదు.

స్టేడియం కాకముందు అది హైస్కూలు గ్రౌండు. ఎర్ర ఇసుక నేల. సరుగుడు కర్రలు రెండు ఇటు, రెండు అటు పాతి గోల్ పోస్టులు అనుకునేవాళ్ళం. పైన అడ్డకర్ర ఉండేది కాదు. బంతి ఎంత ఎత్తులో పోతే గోలో, ఎంత ఎత్తులో పోతే కాదో గోల్‌కీపర్ చెయ్యెత్తి చూపించేవాడు. అందుకని రెండు జట్లూ తమలో పొట్టివాణ్ణి వెతికి గోల్‌లో నిలబెట్టేవి. నేను ఆరేళ్ళు గోల్‌కీపర్ని.

తర్వాత ఎవరికో మంచి బుద్ధి పుట్టి మాకు స్టేడియం మంజూరైంది. ఐదు మెట్ల గ్యాలరీ, పైన రేకులు, ముందు శిలాఫలకం. రోడ్డు వైపు దుకాణాలు కట్టి అద్దెకివ్వాలి కాబట్టి గ్యాలరీని గ్రౌండు లోపలికి జరిపి కట్టారు. దాంతో ఒక మూల కార్నర్ కొట్టే చోటు మెట్ల కిందికి పోయింది. పనికి తెచ్చిన కంకరలో మిగిలినదాన్ని ఎత్తుకుపోవడం దండగని అక్కడే పరిచేశారు. చుట్టూ గోడ, గోడకి గేటు, గేటుకి తాళం. ఆగస్టు 15కీ, జనవరి 26కీ తీస్తారు. దీపావళికి టపాకాయల దుకాణాలు పెట్టేటప్పుడూ, పెద్ద నాయకులొస్తే హెలికాప్టర్ దిగేటప్పుడూ తీస్తారు. తాళం చెవి ఎవరి దగ్గర ఉందని స్కూల్లో అడిగితే ఆఫీసులో అంటారు. ఆఫీసులో అడిగితే వాచ్‌మన్ దగ్గర అంటారు. వాచ్‌మన్ పోస్టు ఇంకా మంజూరు కాలేదు.

ఇదంతా ఇప్పుడు గుర్తుకు రావడానికి కారణం మా మేనల్లుడు. ఒంగోల్లో ఇంజినీరింగ్ చదువుతున్నాడు, ఫుట్‌బాల్ పిచ్చి. సంక్రాంతికి వచ్చి అరిసెలు తింటూ మొదలుపెట్టాడు. "మామా, మన దేశంలో ఫుట్‌బాల్ వరల్డ్ కప్ పెట్టాలి. ఒంగోల్లో ఒక యాభై వేలమంది పట్టే స్టేడియం కట్టాలి. అప్పుడు చూడు, మన పిల్లలు ఎక్కడికి పోతారో!" వాడి లెక్కలో ముందు టోర్నమెంటు వస్తుంది, దానికోసం స్టేడియం వస్తుంది, స్టేడియాన్ని చూసి ఆట వస్తుంది. ఈ వరస నాకు తలకిందులుగా కనిపిస్తుంది. అరిసెల పళ్ళెం ఖాళీ అయ్యేదాకా వాదించుకున్నాం. అప్పుడు చెప్పలేకపోయినవి కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మా వైపు పండగలకి ఎడ్ల బండలాగుడు పోటీలు పెడతారు. కోత అయిపోయిన చేనో, ఊరి బయట బీడో చూసి చదును చేస్తారు. కర్రలు పాతి దడి కడతారు, లైట్లు, మైకు, పక్కన మజ్జిగ చలివేంద్రం. రెండు మూడు రోజులు ఇసకేస్తే రాలని జనం. ఆ తర్వాత కర్రలు పీకేస్తారు, బండని ట్రాక్టర్ మీద ఎక్కించి తీసుకుపోతారు, చేను మళ్ళీ చేనవుతుంది. ఆ పందెం కోసం కాంక్రీటు గ్యాలరీ కట్టమని ఎవరూ అడగలేదు. ఒంగోలు గిత్తలు ఏడాది పొడుగునా కొట్టాల్లో ఉన్నాయి, వాటికి ఉలవలు పెట్టి, కడిగి, రోజూ బరువు లాగించే రైతులున్నారు. పందెం మూడు రోజులే. కొట్టంలో ఎద్దు లేనివాడు ముందుగా బండ చెక్కించుకుని కూర్చోడు. నెల్లూరులో స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగా ఇంతే. మొహర్రం నెలలో లక్షలమంది వస్తారు. వాళ్ళకోసం షెడ్లు, బారికేడ్లు, స్నానాలకి ఏర్పాట్లు లేస్తాయి. పండుగ అయ్యాక చాలావరకు తీసేస్తారు.

వరల్డ్ కప్ కూడా తిరునాళ్ళే. నెల రోజుల తిరునాళ్ళు. చిక్కల్లా పందిరి కాంక్రీటుతో వేయడం దగ్గరే వస్తుంది.

2014 వరల్డ్ కప్ బ్రెజిల్‌లో జరిగింది. ఎనిమిది స్టేడియాలు సరిపోయేవి, కానీ 12 నగరాల్లో పెడతామని పట్టుబట్టింది బ్రెజిలే. కాబట్టి పాపం మొత్తం ప్రపంచ ఫుట్‌బాల్‌ని నడిపే ఫిఫా మీదికి నెట్టడానికి లేదు. ఆ పన్నెండులో మనౌస్ ఒకటి, అమెజాన్ అడవి నడిమధ్య ఊరు. స్టేడియాన్ని అక్కడివాళ్ళు అల్లుకునే బుట్ట ఆకారంలో కట్టారు, 40 వేల పైచిలుకు సీట్లు. ఉక్కు చట్రం పోర్చుగల్ నుంచి ఓడల్లో వచ్చింది. జరిగింది నాలుగు మ్యాచ్‌లు. వాటిలో ఒకటి ఇంగ్లండ్ మీద ఇటలీ 2-1తో గెలిచింది. ఆ తర్వాత చూస్తే, ఆ స్టేడియాన్ని నింపగల పెద్ద జట్టు ఊళ్ళో లేదు. రాజధాని బ్రసీలియాలో 70 వేలు దాటి సీట్లున్న స్టేడియం కట్టారు. మరుసటి ఏడాదే దాని చుట్టూ ఉన్న స్థలంలో సిటీ బస్సులు నిలిపారు. మన పేపర్లవాళ్ళు ఇలాంటివాటిని తెల్ల ఏనుగులు అంటారు. నాకైతే పెళ్ళికి అద్దెకి తెచ్చిన సామాను గుర్తొస్తుంది. తిరిగిచ్చే వీలు లేకుండా, నెలనెలా అద్దె కట్టుకుంటూ ఇంట్లోనే పెట్టుకున్నట్టు.

ఇక్కడ మా మేనల్లుడికి ఒక పాయింటు ఇవ్వాలి. మనౌస్‌లో 2019లో అమెజోనాస్ అని కొత్త క్లబ్బు పుట్టింది, 2023లో బ్రెజిల్ మూడో డివిజన్ గెలిచింది. "చూశావా, స్టేడియం వచ్చాక ఆట వచ్చింది" అన్నాడు వాడు ఫోన్ చూపిస్తూ. వచ్చింది, నిజమే. తొమ్మిదేళ్ళు పట్టింది. అదీ బ్రెజిల్‌లో, పుట్టిన పిల్లాడికి పేరు పెట్టకముందే బంతి కొనే దేశంలో.

దక్షిణాఫ్రికాలో ఇంకో రకం కథ. 2010 వరల్డ్ కప్‌కి కేప్‌టౌన్ ముందు అనుకున్నది ఆథ్లోన్‌లో ఉన్న పాత స్టేడియాన్ని బాగు చేయించడం. చుట్టుపక్కల ఉండేది డబ్బున్నవాళ్ళు కాదు, ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు. చివరికి సముద్రం ఒకవైపు, టేబుల్ మౌంటెన్ ఒకవైపు కనిపించే గ్రీన్ పాయింట్‌లో 440 కోట్ల ర్యాండ్లు పెట్టి కొత్తది కట్టారు. టీవీలో ఆ దృశ్యం అద్భుతంగా వచ్చింది, నేనూ నోరు తెరుచుకుని చూశాను. నెల తర్వాత కెమెరాలు పోయాయి, కొండా సముద్రం మిగిలాయి. ఏళ్ళ తరబడి నగరమే దాన్ని మేపింది. 2021 నుంచి అక్కడ ప్రధానంగా ఆడేది రగ్బీ. 2004 యూరో కప్ కోసం పోర్చుగల్ పది స్టేడియాలు కట్టడమో బాగు చేయించడమో చేసింది. లెయిరియా అనే ఊరు తన స్టేడియాన్ని తర్వాత వేలానికి పెట్టుకుంది.

అలాగని స్టేడియాలు కట్టడమే తప్పని కాదు. కలకత్తా సంగతి చూడండి.

సాల్ట్ లేక్ స్టేడియం 1984లో తెరిచారు. 1997 జూలై 13న అక్కడ ఫెడరేషన్ కప్ సెమీఫైనల్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మధ్య. వచ్చినవాళ్ళు లక్షా ముప్పై వేలు. ఈస్ట్ బెంగాల్ ఆటగాడు భూటియా హ్యాట్రిక్ (మూడు గోల్స్) కొట్టాడు, ఆ జట్టు 4-1తో గెలిచింది. వరల్డ్ కప్ ఏదీ లేకుండానే, మన దేశంలో, ఒక క్లబ్ మ్యాచ్‌కి అంతమంది! 2017లో అండర్-17 వరల్డ్ కప్ మన దేశానికి వచ్చినప్పుడు ఆ స్టేడియాన్ని బాగు చేయించారు. కృత్రిమ గడ్డి తీసేసి నిజం గడ్డి వేశారు. సిమెంటు మెట్ల మీద బకెట్ కుర్చీలు బిగించారు. టోర్నమెంటుకి ఆరు వేదికలు: కలకత్తా, ఢిల్లీ, కోచి, గోవా, నవీ ముంబై, గువాహటి. సెమీఫైనల్ ఒకటి, బ్రెజిల్, ఇంగ్లండ్ ఆడాల్సింది, గువాహటిలో వానకి గ్రౌండు పాడైతే రెండు రోజుల ముందు కలకత్తాకి మార్చారు. అంత హడావుడిలోనూ 63 వేల పైచిలుకు జనం వచ్చారు. ఫైనల్లో ఇంగ్లండ్ రెండు గోల్స్ వెనకబడి కూడా స్పెయిన్‌ని 5-2తో ఓడించింది. ఆ రోజు స్టేడియంలో 66,684 మంది. ఆ టోర్నమెంటు మొత్తానికి వచ్చినవాళ్ళు 13 లక్షలు దాటారు, అండర్-17 వరల్డ్ కప్పుల్లో అప్పటికి అదే రికార్డు.

కలకత్తాలో కొట్టంలో ఎడ్లున్నాయి. కాబట్టి బండ దండగ కాలేదు.

కానీ బాగు చేయడంలోనూ పోయేది ఒకటి ఉంటుంది. లెక్క వేయండి: లక్షా ముప్పై వేలమంది కూర్చున్న చోట ఆ ఫైనల్‌కి అరవై ఆరు వేలు. మిగతా సగం ఎటు పోయింది? భద్రత కోసం తగ్గించారు, అది సబబే. ఇరుక్కుని చచ్చిపోయే రద్దీని ఎవరూ కోరుకోరు. కోచిలో అదే 2017లో బయటికి పోయే దారులు చాలవని సీట్లను 29 వేలకి కుదించారు, అదీ సబబే. అయినా నాకు టూరింగ్ టాకీసు గుర్తొస్తుంది. నేల, బెంచీ, కుర్చీ అని మూడు టిక్కెట్లు. హాలు బాగు చేయించినప్పుడల్లా ముందు ఎగిరిపోయేది నేల టిక్కెట్టే. రియోలోని మరకానాలో ఇదే జరిగింది. 1950లో ఉరుగ్వే చేతిలో బ్రెజిల్ ఓడిపోయిన మ్యాచ్‌కి టిక్కెట్టు కొని వచ్చినవాళ్ళే 1,73,850 మంది. గ్రౌండుకి ఆనుకుని, నిలబడి చూసే చోటొకటి ఉండేది, జెరాల్ అనేవాళ్ళు. అచ్చంగా మన నేల టిక్కెట్టు. ఆట సరిగా కనపడదు, వానొస్తే తడవాలి, కానీ కూలీవాడు కూడా కొనగలిగిన ధర. 2005లో దాన్ని ఎత్తేశారు. 2014 నాటికి స్టేడియం కొత్తగా మెరిసిపోయింది, సీట్లు 80 వేల లోపే, నేల టిక్కెట్టువాడు ఇంట్లో టీవీ ముందున్నాడు.

సాల్ట్ లేక్‌లో 2025 డిసెంబర్‌లో మెస్సీని చూపిస్తామన్నారు. జనం వేల రూపాయలు పెట్టి టిక్కెట్లు కొన్నారు. చుట్టూ మూగిన పెద్దమనుషుల మధ్య ఆయన కనపడలేదు. కోపంతో కుర్చీలు పీకి గ్రౌండులోకి విసిరారు. పీకడం తప్పే. ఆ వీడియో చూసి మా మేనల్లుడు "జనానికి బుద్ధి లేదు మామా" అన్నాడు. కుర్చీ టిక్కెట్టు అమ్మి నేల టిక్కెట్టుకి కనిపించేంత కూడా చూపించకపోతే టూరింగ్ టాకీసులో అయితే తెరే చింపేవాళ్ళని చెప్పాను.

కోచి గురించి ఇంకొక్క ముక్క, ఎందుకంటే తాళం చెవి విషయం అక్కడ బాగా తేలింది. అండర్-17 కోసం అక్కడి స్టేడియంలో ఫిఫా ఒప్పుకునే గడ్డి పెంచారు. టోర్నమెంటు అయిన ఐదు నెలలకి, 2018 మార్చిలో, అదే గ్రౌండులో వెస్టిండీస్‌తో వన్డే పెడదామన్నారు. వన్డే అంటే మధ్యలో గడ్డి తవ్వి క్రికెట్ పిచ్ వేయాలి. ఫుట్‌బాల్ ఆటగాళ్ళు గొడవ చేశారు. సునీల్ ఛెత్రీ, సి.కె. వినీత్ గొంతెత్తారు. కోచి ఫుట్‌బాల్ జట్టు కేరళ బ్లాస్టర్స్‌లో అప్పట్లో వాటా ఉన్న సచిన్ టెండూల్కర్ కూడా, క్రికెట్ దేవుడై ఉండి, వద్దన్నాడు. మ్యాచ్ తిరువనంతపురానికి పోయింది. గడ్డి బతికింది. ఎలా బతికింది? ఆ గడ్డి మీద రోజూ ఆడే జట్టొకటి ఊళ్ళో ఉంది, దాని వెనక అరిచే జనం ఉన్నారు. వాళ్ళు లేకపోతే ఆ గడ్డిని తవ్విన సంగతి పేపర్లో జిల్లా పేజీలో కూడా వచ్చేది కాదు. మా గ్రౌండులో కంకర పరిచిన రోజు ఏ పేపర్లో వచ్చింది గనక!

మన తెలుగువాళ్ళ దగ్గరికొద్దాం. 2008లో ఆసియా జట్లు ఆడే ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ హైదరాబాద్‌లో జరిగింది. గెలిస్తే 2011 ఆసియా కప్‌కి నేరుగా పోవచ్చు, అంత ముఖ్యమైన టోర్నమెంటు. ఆగస్టు వానలకి గ్రౌండు చిత్తడైంది. ఫైనల్‌ని ఢిల్లీ అంబేడ్కర్ స్టేడియానికి మార్చారు. అక్కడ తజికిస్తాన్ మీద మనవాళ్ళు 4-1తో గెలిచారు, ఛెత్రీ హ్యాట్రిక్. ఆ ఛెత్రీ పుట్టింది సికింద్రాబాద్‌లో! ఆ మూడు గోల్స్ హైదరాబాద్‌లో పడాల్సినవి. పడకపోవడానికి కారణం సీట్లు తక్కువై కాదు, నీళ్ళు ఇంకే దారి సరిగా లేక. స్టేడియం అంటే మనకి గ్యాలరీ, ఫ్లడ్‌లైట్లు, రంగులు కళ్ళ ముందు మెదులుతాయి. ఆటగాడికి కావలసింది గడ్డి కింద ఇసక, ఇసక కింద కంకర, కంకర మధ్య నీళ్ళు పోయే గొట్టాలు. ఆ గొట్టాలకి శిలాఫలకం వేయలేరు కాబట్టి వాటి మీద ఎవరికీ మోజుండదు. మా ఊళ్ళో కంకర ఉంది, గడ్డి కింద కాకుండా పైన ఉంది, అంతే తేడా.

ఇంతకీ ఈ హైదరాబాదే ఒకప్పుడు భారత ఫుట్‌బాల్‌కి పుట్టిల్లు. సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. రహీమ్ సాబ్ శిక్షణలో మన జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది. ఆ రోజుల్లో నగరంలో యాభై వేల సీట్ల స్టేడియం ఉందా అని మేనల్లుణ్ణి అడిగితే ఫోన్ తీసి వెతకడం మొదలుపెట్టాడు. ఇంకా వెతుకుతున్నాడు.

2026 వరల్డ్ కప్‌కి అమెరికా, కెనడా, మెక్సికో కలిసి ఇస్తున్నవి 16 స్టేడియాలు. ఈ టోర్నమెంటు కోసమే కొత్తగా కట్టింది అందులో ఒక్కటీ లేదు. మెక్సికో సిటీలోని అజ్టెకా 1966 నాటిది, 1970లో, 1986లో ఫైనల్స్ అక్కడే జరిగాయి. దాన్నే మూడోసారి తుడిచి ముస్తాబు చేశారు. కృత్రిమ గడ్డి ఉన్న చోట్ల నిజం గడ్డి పరవాలి, ఖర్చు దానికి. డబ్బున్న దేశాలే ఉన్నదాన్ని సర్దుకుంటుంటే, లేనివాళ్ళం కొత్తది కట్టాలని ఉబలాటపడటం ఏమిటి?

ఇక మా అన్న సంగతి. మా పెదనాన్న కొడుకు, రాడ్ బెండింగ్ పనివాడు. మా వైపు నుంచి గల్ఫ్‌కి పోయినవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. ఇతను మామిడి తోట తాకట్టు పెట్టి 2018లో కతార్ పోయాడు. దోహాలో రేవు పక్కన ఒక స్టేడియం పనికి పెట్టారు. ఓడల మీద సరుకు తెచ్చే ఇనప పెట్టెలు, 974 పెట్టెలు, ఉక్కు చట్రంలో పేర్చి కట్టారు దాన్ని. కతార్ ఫోన్ కోడ్ కూడా 974, అందుకే స్టేడియం పేరూ అదే. 44 వేల సీట్లు. మామూలు స్టేడియాలకి దీనికీ ఉన్న తేడా ఏమిటంటే, వరల్డ్ కప్ అయ్యాక మొత్తం విప్పేసి ఇంకెక్కడికైనా పట్టుకుపోవచ్చన్నారు. కతార్ వాడిన ఎనిమిదిలో ఏడు కొత్తవే. ఆ ఏడింటిలో నాకు నచ్చిన ఆలోచన ఇదొక్కటే. ఎడారిలో డేరా వేసుకుని తిరిగిన జాతికి తిరునాళ్ళ పందిరి అర్థం తెలుసు.

కట్టినవాళ్ళ సంగతి వేరే. ఎండలో పని, ఇరుకు గదులు, ఏజెంట్ల అప్పులు. నెలకి వెయ్యి రియాళ్ళ కనీస జీతం రూలు 2021 మార్చిలో అమల్లోకి వచ్చింది. ఎండాకాలం పొద్దున పదింటి నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా బయట పని చేయించకూడదన్న రూలు అదే ఏడాది వచ్చింది. రూళ్ళు వచ్చాయి, మా అన్న వచ్చేశాడు. వీసా అయిపోయింది. కాంట్రాక్టరు ఇవ్వాల్సిన రెండు నెలల జీతం ఇంకా రాలేదు.

2022 డిసెంబర్‌లో ఆ స్టేడియంలో వరల్డ్ కప్ ఆఖరి మ్యాచ్, బ్రెజిల్, దక్షిణ కొరియా. మనకి అర్ధరాత్రి దాటాక. మా అన్న ఇంట్లోనే చూశాం. మొదటి సగంలోనే బ్రెజిల్ నాలుగు గోల్స్ కొట్టేసింది, మేనల్లుడు మంచమెక్కి గంతులేస్తున్నాడు. మా అన్న గోల్స్ చూడటం లేదు. కెమెరా ఆకాశంలోంచి స్టేడియాన్ని చూపించినప్పుడల్లా టీవీ దగ్గరికి పోయి, "ఇదిగో ఈ మూల, ఈ మెట్ల కింద చట్రం మాది" అని వేలు పెట్టి చూపిస్తున్నాడు.

"నువ్వు లోపల కుర్చీలో కూర్చున్నావా పెదమామా?" అని అడిగాడు వాడు.

"కుర్చీలు బిగించకముందే పంపించేశారు గదరా."

మొన్న సంక్రాంతి వాదన అయ్యాక ఒక పని మాత్రం జరిగింది. యాభై వేల సీట్లు మనవల్ల కాదు గానీ రెండు గోల్ పోస్టులు మనవల్ల అవుతాయని తేలింది. మేనల్లుడు కొలతలు చెప్పాడు, 24 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు. మా అన్న పాత బోరు గొట్టాలు సంపాదించాడు. నేను డబ్బులిచ్చాను, గోల్‌కీపర్ని కాబట్టి. ముగ్గురం హెడ్మాస్టరు గారి దగ్గరికి పోయాం. ఆయన మంచివాడే, ఆ కంకర ఆయన పరిపించింది కాదు. గేటు తీయించే పూచీ తనదన్నాడు. కానీ ఒక ఇబ్బంది చెప్పాడు: పరేడ్లప్పుడు గ్రౌండు ఖాళీగా ఉండాలి, పోస్టులు సిమెంటేసి పాతితే పైవాళ్ళు ఒప్పుకోరు.

"విప్పేసేట్టు చేస్తాలే సార్, నట్లూ బోల్టులూ పెట్టి" అన్నాడు మా అన్న. "కతార్లో స్టేడియమే విప్పేసేట్టు కట్టినాం. ఇదెంత?"

హెడ్మాస్టరు గారు కళ్ళజోడు తీసి ఆసక్తిగా ముందుకు వంగాడు. "మరి విప్పారా?"

మా అన్న నా వైపు చూశాడు. 2024 డిసెంబర్‌లో కూడా అక్కడ ఫిఫా మ్యాచ్‌లు జరిగాయని నేనే చెప్పి ఉన్నాను.

"ఇంకా లేదంట సార్."